మూకీలనాటి దయ్యములు – వానిని దాచినవారు

చలనచిత్రము పుట్టిన మరుసటి సంవత్సరముననే దయ్యము తెరపైకి వచ్చినది. 1895 డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరములో ల్యుమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి కదలుబొమ్మలను చూపినపుడు, చూడవచ్చినవారిలో జార్జి మేలియేస్ అను ఇంద్రజాలికుడు ఒకడు ఉండెను. అతడు 1896లో తీసిన ఒక చిన్న చిత్రములో గబ్బిలమొకటి పాతకోటలోనికి ఎగిరివచ్చి, చూచుచుండగనే పిశాచమై నిలుచును, పెద్ద కాగులోనుండి మనుష్యులను రప్పించును, వచ్చినవారిని బెదరగొట్టును, కడపట ఒకడు సిలువను ఎత్తిపట్టగానే మాయమగును. అంతయు కలిపి మూడు నిమిషములు. భయానక చిత్రములకు ఆది ఇదియేనని చరిత్రకారులు పలువురు అందురు. మేలియేస్ ఉద్దేశము జనులను భయపెట్టుట కాదు, అబ్బురపరచుట. అయినను గబ్బిలము, కోట, సిలువ ఈ మూడును నాటినుండి ఆ జాతి చిత్రములను వదలలేదు.

ఆ మూడు నిమిషముల చిత్రమునకు మరియొక కథ కలదు. చాలకాలము అది నశించినదనియే లోకము తలచినది. మేలియేస్ తన జీవితములో 500 పైచిలుకు చిత్రములు తీసినాడు. వ్యాపారము చెడి, స్టూడియో చేయిజారిపోగా, 1923లో ఆయన తన నెగటివులను తానే తగులబెట్టించినాడు. తరువాత పారిస్‌లోని ఒక రైలుస్టేషనులో ఆటబొమ్మలు, మిఠాయిలు అమ్ముకొని బ్రదికినాడు. ఆయన చిత్రములలో ఈనాటికి మిగిలినవి సుమారు 200. ఆ మాత్రమైనను మిగిలినవనగా, వెనుకటి రోజులలో ప్రతులను కొని దేశదేశములకు తీసికొనిపోయినవారి చలవయే. పిశాచపు కోట చిత్రము 1988లో భూగోళమునకు ఆవలి కొసనున్న న్యూజీలాండు దేశపు చలనచిత్ర భాండాగారములో బయటపడినది.

తెరమీది కథ ఒకటి. ఆ ఫిల్ము బ్రదికి బట్టకట్టిన కథ మరియొకటి. మూకీకాలపు భయానక చిత్రములను ఏరి దాచుకొను సంగ్రాహకులను ఆకర్షించునది ఎక్కువపాళ్ళు ఈ రెండవ కథయేనని మాకు తోచుచున్నది. దానినే కొంచెము విపులముగా చెప్పుదుము.

తపాలాబిళ్ళలు కూర్చువారిని మన పాఠకులందరును ఎరుగుదురు. బిళ్ళలో అచ్చుతప్పు ఉన్నచో వెల పెరుగును. లేనిచో లక్ష బిళ్ళలును ఒక్కటియే. పాత ఫిల్ము సంగతి అట్లు కాదు. ఒకే చిత్రపు రెండు ప్రతులు అచ్చముగా ఒకే తీరున ఉండుట అరుదు. ఒక దేశపు సెన్సారు కత్తిరించిన ఘట్టము వేరొక దేశమునకు పోయిన ప్రతిలో మిగిలియుండును. ఒకదానికి రంగు అద్దియుండును, మరియొకదానికి ఉండదు. విదేశములకు పంపుటకని ప్రక్కన రెండవ కెమెరా నిలిపి, రెండవ నెగటివు తీసిన సందర్భములును కలవు. అందువలన ఏ చిత్రమునకైనను 'అసలు ప్రతి' ఏది అను ప్రశ్నకు జవాబు చెప్పుట కష్టము. సంగ్రాహకుడు ఆ జవాబును తన చేతిలోని డబ్బా మూత తీసి వెదకుకొనును. మూత తీయగానే ముందు ముక్కు, తరువాతనే కన్ను. ఆ ముక్కు సంగతి ముందు చెప్పుదుము.

ఇక ఈ చిత్రములలోని భయమును గూర్చి. మేము చేయునది చెవుల కొలువు. రేడియో నాటకములో తలుపు కిర్రుమన్న చాలును, మిగిలినది శ్రోత తానే ఊహించుకొనును. మూకీలో సరిగా దీనికి తలక్రిందులు. తలుపు తెరచుకొనును, కిర్రుమనదు. స్త్రీ నోరు తెరచి కేకవేయును, కేక వినబడదు. హాలులో పియానో గాని వాద్యబృందము గాని మ్రోగుచుండెడి మాట నిజమే. కాని ఆ వాద్యము ఆ కేక కాదు. కలలో పరుగెత్తబోయి కాలు కదలక, అరువబోయి గొంతు పెగలక అవస్థపడుట అందరకును అనుభవమే. మూకీ భయానక చిత్రము చూచునపుడు కలుగునది ఆ జాతి భయము. మాటలు వచ్చిన తరువాత తెరమీది దయ్యము మనవంటివాడే అయిపోయినాడు. పలకరించినచో బదులు చెప్పును. మాటలేని దయ్యముతో ఆ సదుపాయము లేదు.

దీనికి తోడు ఆనాటి ఫిల్మునకు ఒక గుణముండెను. అది నీలికాంతిని బాగుగా పట్టును, ఎరుపును బొత్తిగా పట్టదు. అందుచేత ఎఱ్ఱని పెదవులు నల్లగా పడును. నీలికన్నులు తెల్లబారి, గ్రుడ్డివానివలె కనబడును. నటులు ముఖమునకు దట్టముగా తెల్లనిపూత పూసికొనవలసివచ్చెడిది. ప్రేమకథలో ఇది లోపము. శవము నడచివచ్చు కథలో ఇదియే అలంకారము.

జర్మనీవారు ఈ సంగతిని అందరికంటె ముందు గ్రహించినారు. 1920 ఫిబ్రవరి 26వ తేదీన బెర్లిన్‌లో మొదటిసారి ప్రదర్శింపబడిన 'డాక్టర్ కాలిగారి గది' అను చిత్రములో ఒక్క గోడయు నిలువుగా ఉండదు. కిటికీలు వంకర, వీధులు వంకర, ఇంటిమీది పొగగొట్టము సైతము కూలబోవుచున్నట్లుండును. దీపము వేసి నీడను పడవేయుటకు బదులు, నీడలను గుడ్డతెరలమీద రంగుతో చిత్రించినారు. సంతలో డేరా వేసిన వైద్యుడొకడు పెట్టెలో నిద్రించు మనిషిని చూపి డబ్బు చేసికొనుచుండును. ఆ నిద్రితుడు రాత్రులందు లేచి, వైద్యుని ఆజ్ఞచొప్పున హత్యలు చేయుచుండును. నిద్రితుడుగా నటించిన కాన్రాడ్ వైట్ కన్నులు తెరచు ఘట్టమొక్కటి చాలును. ఆ పావునిమిషమునకే సినిమా చరిత్రలో ఒక పుట కేటాయింపవచ్చును. దర్శకుడు రాబర్ట్ వీనే. కథ వ్రాసిన హాన్స్ యానోవిట్స్, కార్ల్ మేయర్ ఇరువురును మొదటి ప్రపంచయుద్ధపు చేదు మ్రింగినవారు. అధికారి ఆజ్ఞ ఇచ్చుట, నిద్రలోనున్నవాడు పోయి చంపుట అను కల్పన ఎక్కడినుండి వచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ చిత్రపు అసలు నెగటివు దాదాపు పూర్తిగా దక్కినది. మొదటి రీలు మాత్రము లేదు. 2014లో జర్మనీలోని మూర్నౌ ప్రతిష్ఠాపనమువారు దీనిని ఉద్ధరించినపుడు, ఆ లోటును వేరు ప్రతులనుండి పూరించినారు. రంగుల జాడను ఆనాడు లాటిన్ అమెరికా దేశములకు పోయిన పాత ప్రతులు తెలిపినవి. బెర్లిన్‌లో పుట్టిన చిత్రము తన మేని ఛాయను సముద్రముల ఆవలినుండి తెచ్చుకొనవలసివచ్చినది.

రంగు అనగానే పాఠకులు సందేహింపవచ్చును. మూకీలు నలుపు తెలుపు చిత్రములు కదా అని. నలుపు తెలుపులోనే తీయుదురు, కాని ప్రదర్శనకు పోవు ప్రతిని ఘట్టము ననుసరించి రంగునీళ్ళలో ముంచెడివారు. రాత్రికి నీలము, దీపపువెలుగునకు తేనెవన్నె, వేకువకు గులాబి. ఇది సోకునకు చేసినది కాదు. చీకటిలో చిత్రము తీయుటకు ఆనాటి ఫిల్మునకు శక్తి చాలదు. పట్టపగలు ఎండలో తీసి, నీలము అద్ది, ఇది రాత్రి అని చెప్పుటయే పద్ధతి. ప్రేక్షకునకు ఆ భాష తెలియును. తరువాతి కాలములో చవుకగా నలుపు తెలుపు నకళ్ళు తీసినవారు ఆ భాషను పోగొట్టినారు. దీనివలన మిక్కిలి దెబ్బతిన్నది 'నోస్ఫెరాటు'. ఆ చిత్రపు చరిత్ర వినదగినది.

ఆల్బిన్ గ్రావ్ అను చిత్రకారుడు, ఎన్రికో డీక్‌మన్ అను వ్యాపారి కలిసి 1921లో జర్మనీలో ఒక సంస్థను స్థాపించినారు. దానికి వారు పెట్టిన పేరు ప్రాణ. అది మన సంస్కృతపు 'ప్రాణ' శబ్దమే. గ్రావ్‌నకు గూఢవిద్యలయందు ఆసక్తి మెండు. ఆ సంస్థ చాల చిత్రములు తీయదలచి ఒక్కటియే తీసినది. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రకటించిన 'డ్రాక్యులా' నవలనే, హక్కులు కొనకుండ, పేర్లు మార్చి తీసినారు. డ్రాక్యులా ప్రభువు ఓర్లాక్ ప్రభువైనాడు. లండను మారి జర్మనీలోని ఒక రేవుపట్టణమైనది. దర్శకుడు మూర్నౌ. 1922 మార్చి 4వ తేదీన బెర్లిన్‌లో ఆర్భాటముగా విడుదల చేసినారు. ఆ సంవత్సరముననే సంస్థ దివాలా తీసినది. ప్రాణ అను పేరుగల సంస్థ చావులేని ప్రేతముపై చిత్రము తీసి తాను చచ్చినది.

స్టోకర్ 1912లోనే మరణించినాడు. ఆయన భార్య ఫ్లోరెన్స్‌కు ఆ నవలపై వచ్చు రాబడియే ముఖ్యాధారము. ఆమె దావా వేసినది. సంస్థవద్ద డబ్బు లేదు కనుక నష్టపరిహారము రాదు. అందుచేత ఆమె చిత్రమునే రూపుమాపుమని కోరినది. 1925లో జర్మన్ న్యాయస్థానము ప్రతులన్నింటిని నాశనము చేయవలసినదని తీర్పు చెప్పినది. ఆమె ఆ చిత్రమును చూచినట్లు కనబడదు. అయినను ఆమెది తప్పని మేము అనజాలము. ఆమె భర్త సొత్తును అడుగకుండ తీసికొన్నవారు తప్పు చేసినవారే. కళాఖండమైనంత మాత్రమున దొంగసొత్తు దొరసొత్తు కాదు. కాని అప్పటికే ప్రతులు సరిహద్దులు దాటిపోయినవి. ఫ్రాన్సులో కొన్ని నిలిచినవి. 1929లో అమెరికాలో చిత్రము ప్రదర్శింపబడినది. అమెరికా చట్టము కోరిన విధులను స్టోకర్ నెరవేర్పనందున అక్కడ ఆ నవలకు హక్కుల రక్షణ లేకపోయినది. ఈ చిత్రము మనకు దక్కినదన్నచో అది న్యాయస్థానపు ఆజ్ఞను పాటింపనివారి మూలమున దక్కినది. సంగ్రాహకుల కులమునకు ఇది మూలపురాణమువంటిది. వారు తమను గూర్చి చెప్పుకొనునపుడు ఈ కథను మరువరు.

ఇప్పుడు రంగు సంగతికి వత్తము. స్టోకర్ నవలలో డ్రాక్యులా పగటిపూట తిరుగగలడు. అతని శక్తులు మాత్రము సన్నగిల్లును. ఎండ తగిలినంతనే రక్తపిశాచము నశించునను కల్పనను లోకమునకిచ్చినది మూర్నౌ చిత్రమే. కథ అంతయు ఆ తెల్లవారుజాముకొరకే నడచును. అట్టి చిత్రములో ఓర్లాక్ తన శవపేటికను చంకనిడుకొని పట్టణపు వీధులలో నడచు ఘట్టమును, నీలము అద్దని నకలులో చూచినచో ఎట్లుండును? మిట్టమధ్యాహ్నపు ఎండలో, గోడలపై నీడలు స్పష్టముగా పడుచుండగా, ఎండతో చావవలసినవాడు తాపీగా నడచిపోవుచుండును. ఎన్నో ఏండ్లు లోకము చూచినది ఆ నకళ్ళనే. చూచినవారు నవ్వినారన్నచో వింత లేదు. పారిస్‌లోని సినిమాతెక్ సంస్థవద్దనున్న రంగుల ప్రతి ఆధారముగా 2005, 2006 సంవత్సరములలో చిత్రమును మరల సిద్ధము చేసిన తరువాత ఆ నడక రాత్రిలోనికి తిరిగి చేరినది. సంగ్రాహకుడు ఒక చిత్రమునకు నాలుగు ప్రతులు కొనుట చూచి ఇంటివారు విసుగుకొందురు. నాలుగింటిలో పిశాచము రాత్రి నడచునది ఏదో అతడు చూచుకొనుచున్నాడని వారికి తెలియదు.

వేగము సంగతియు ఇట్టిదే. ఆనాడు కెమెరాను చేతితో త్రిప్పెడివారు. సెకనుకు 16 మొదలు 20 పైచిలుకు బొమ్మల వరకు, త్రిప్పువాని చేయిని బట్టి ఉండెడిది. మాటలు వచ్చిన పిమ్మట 24 స్థిరమైనది. 16 బొమ్మల వేగముతో తీసినదానిని 24 వేగముతో త్రిప్పినచో మనుష్యులు ఒకటిన్నర రెట్లు తొందరపడుదురు. మూకీలనగా గంతులువేయు మనుష్యులని చాలమందికి కలిగిన అభిప్రాయము ఈ పొరపాటునుండి పుట్టినదే. హాస్యచిత్రము దీనిని సహించును. మెట్లపై మెల్లగా పైకి ప్రాకు నీడ పరుగెత్తినచో ఇక భయమెక్కడిది?

మూత తీసి వాసన చూచు సంగతి చెప్పెదమంటిమి. 1950ల ఆరంభము వరకు సినిమాహాళ్ళలో ఆడిన ఫిల్ము సెల్యులోజు నైట్రేటుతో చేసినది. ప్రత్తిపై నైట్రిక్ ఆమ్లము ప్రయోగించి చేయు పదార్థమిది. ప్రేలుడు ప్రత్తికి దగ్గరి చుట్టము. ఒకసారి అంటుకొన్నచో తనకు కావలసిన ప్రాణవాయువును తానే ఇచ్చుకొనును కనుక నీటిలో ముంచినను ఆరదు. అంటుకొనకుండినను అది ఊరకుండదు. కాలక్రమమున బొమ్మ వెలవెలపోవును, పొరలు ఒకదానికొకటి అంటుకొనును, పైన తేనెవంటి బంక ఊరును, ఘాటైన వాసన వచ్చును, తుదకు డబ్బాలో గోధుమరంగు పొడి మిగులును. దీనికి బదులుగా వచ్చిన అగ్నిభయములేని ఎసిటేటు ఫిల్మునకు వేరు జబ్బు. అది చెడినపుడు వెనిగర్ వాసన వేయును. కనుక సంగ్రాహకుని ముక్కు వైద్యుని నాడీపరీక్షవంటిది.

అయితే చిత్రములు చచ్చినది ఈ జబ్బులవలననే అనుకొనరాదు. మాటలు రాగానే మూకీలకు విలువ పోయినది. గిడ్డంగుల అద్దె ఎందుకని కొన్ని సంస్థలు తామే నాశనము చేసినవి. ఫిల్ములోని వెండిని కరగించి తీసికొనుట కొంత లాభము. అమెరికాలో యూనివర్సల్ సంస్థ తన మూకీ నెగటివులలో అధికభాగమును 1948లో ఇట్లే పోగొట్టుకొన్నది. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము 2013లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 1912 మొదలు 1929 వరకు ఆ దేశములో తీసిన 10,919 పెద్ద మూకీ చిత్రములలో తొలిరూపమున పూర్తిగా మిగిలినవి నూటికి 14 మాత్రమే. ఇంకొక 11 పాళ్ళు విదేశీ ప్రతులుగానో, చిన్న ఫిల్ముపై తీసిన నకళ్ళుగానో దక్కినవి.

ఆ 11 పాళ్ళవద్ద కొంచెము ఆగుదము. సంగ్రాహకుల పాత్ర అక్కడనే స్పష్టముగా కనబడును. ధనవంతుల ఇళ్ళలో బొమ్మలు వేసికొనుటకు ఫ్రాన్సులో పాథే సంస్థ 1922లో తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఫిల్మును, అమెరికాలో కొడాక్ సంస్థ 1923లో 16 మిల్లీమీటర్ల ఫిల్మును తెచ్చినవి. ఇవి నైట్రేటు కావు, మండవు. వీనిపై పెద్ద చిత్రముల నకళ్ళను అమ్మెడివారు, అద్దెకిచ్చెడివారు. పిల్లల పుట్టినరోజునకు తెచ్చి, ఆ తరువాత అటుకపై పారవేసిన రీళ్ళే నేడు చరిత్రకు దిక్కైనవి. లాన్ చేనీ నటించిన 'ఒపేరా భూతము' ఇందుకు నిదర్శనము. 1925లో విడుదలైన ఈ చిత్రమును యూనివర్సల్ సంస్థ కొన్నేండ్లకు కత్తిరించి, కొన్ని ఘట్టములు మరల తీసి, ధ్వని చేర్చి తిరిగి విడిచినది. నేడు చక్కని పెద్ద ఫిల్ముపై దొరకునది ఆ తరువాతి కాలపు రూపము. 1925 నాటి తొలిరూపమును చూడగోరినచో, ఇళ్ళలో ప్రదర్శించుకొనుటకని ఆ సంస్థయే అమ్మిన 16 మిల్లీమీటర్ల నకళ్ళే గతి. అవి మసకగా ఉండును, గీతలు పడియుండును. అయినను ఆ యువతి వెనుకనుండి వచ్చి ముసుగు లాగు ఘట్టము ఆ గీతల నడుమ చూచినపుడు కలుగు ఉలికిపాటు తక్కువది కాదు. విడుదలకు ముందు ఆ ముఖమును ప్రకటనలలో చూపకుండ దాచినారు. చేనీ తల్లిదండ్రులు ఇరువురును చెవిటివారు; మాటలేక ముఖముతోను చేతులతోను సంభాషించుట అతనికి చిన్ననాటి విద్య.

ఆ చేనీయే 1927లో టాడ్ బ్రౌనింగ్ దర్శకత్వమున 'నడిరేయి దాటిన లండను' అను చిత్రములో నటించినాడు. పొడవైన టోపీ, రంపపు పండ్లు, ఊడిపడునట్లున్న కన్నులు గల ఆ వేషపు ఛాయాచిత్రమును ఎరుగని భయానకప్రియుడు లేడు. చిత్రమును మాత్రము నేడు చూడవలనుపడదు. తెలిసినంతలో కడపటి ప్రతి 1965లో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ గిడ్డంగిలో జరిగిన అగ్నిప్రమాదమున కాలిపోయినది. 2002లో ఒక టెలివిజన్ సంస్థవారు మిగిలిన నిశ్చలచిత్రములను కథాక్రమమున పేర్చి, చిత్రపు నీడను చూపినారు. సమకాలికుల సమీక్షలు చదివినచో అది అంత గొప్ప చిత్రముగా తోచదు. పిశాచము కూడ చివరకు మారువేషమని తేలును. కాని పోయినది కనుక పెరిగినది. దాని గోడప్రకటన ఒకటి 2014 నవంబరులో వేలమున 4,78,000 డాలర్లకు పోయినది. అప్పటి మారకపు లెక్కలో దాదాపు 3 కోట్ల రూపాయలు. ఫిల్ము కాలిపోగా కాగితము బంగారమైనది. లాస్ ఏంజిలిస్‌లో ఫారెస్ట్ అకర్‌మన్ అను పత్రికాసంపాదకుడు ఉండెడివాడు. 1958నుండి భూతచిత్రములకని ఒక పత్రిక నడపి, తన ఇంటినే ఒక ప్రదర్శనశాలగా మార్చి, వచ్చిన పిల్లలనందరిని లోనికి రానిచ్చెడివాడు. ఆయనవద్ద చేనీ ఈ చిత్రములో ధరించిన టోపీ, ఆ పండ్లును ఉండెను. ధరచీటీ చూచి కొనువానికంటె ఇట్టివారియందే మాకు గౌరవము హెచ్చు.

సంగ్రాహకులను పొగడుట సులభము. కాని వారి పిడికిలి ఎంత గట్టిదో తెలుపు ఉదాహరణమును ఒకటి చెప్పవలెను. ఎడిసన్ సంస్థ 1910 మార్చి 18వ తేదీన 'ఫ్రాంకెన్‌స్టైన్'ను విడుదల చేసినది. మేరీ షెల్లీ నవలకు ఇదియే తొలి చిత్రరూపము, ఒక్క రీలు. దర్శకుడు జె. సెర్ల్ డాలీ, వికృతజీవి వేషము చార్లెస్ ఓగిల్‌ది. ఇందులో ఆ జీవిని శవపు ముక్కలతో కుట్టరు, కాగులో వండుదురు. మంటలోనుండి ఎముకలు, ఎముకలపై మాంసము, చేతులు ఒక్కొక్కటిగా ఏర్పడుచుండును. ఒక బొమ్మను తగులబెట్టి, అది కాలి కూలుటను తీసి, ఫిల్మును వెనుకకు త్రిప్పి చూపినారు; యుక్తి అంతయు ఇంతే. కడపట ఆ జీవి నిలువుటద్దము ముందు నిలిచి మాయమగును, అద్దములో దాని ప్రతిబింబము మాత్రము నిలుచును. అప్పుడు వచ్చిన యజమాని అద్దములో తన ముఖమునకు బదులు ఆ ముఖమును చూచును. ఇరువది ఏండ్ల తరువాత వచ్చిన పెద్ద చిత్రములలో కూడ ఇంత సూక్ష్మమైన ముగింపు లేదని మా అభిప్రాయము.

ఈ చిత్రము కూడ నశించినదనియే అనుకొన్నారు. ఎడిసన్ సంస్థ ప్రచారపత్రికలోని ఓగిల్ బొమ్మ తప్ప దానిని గూర్చి చూపుటకు ఏమియు లేకపోయినది. 1980లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు నశించిన ముఖ్యచిత్రముల పట్టికలో దీనిని చేర్చినారు. అప్పటికి దాని నైట్రేటు ప్రతి విస్కాన్సిన్ రాష్ట్రములో ఒక సంగ్రాహకుని ఇంట ఉండనే ఉన్నది. 1950లలో కొన్న పాత రీళ్ళతోపాటు అది అతనికి వచ్చినది. దాని విలువ 1970ల నడుమ గాని అతనికి తెలియలేదు. తెలిసిన తరువాత అతడు దానిని ఏ భాండాగారమునకును ఒప్పగింపలేదు. 2005లో మరణించువరకు ఆ ప్రతి అతని అధీనముననే ఉండెను. దానిని పారవేయక దాచినందుకు లోకము అతనికి ఋణపడియున్నది. ఒక్క ఇంట, ఒక్క డబ్బాలో, ఎప్పుడైనను పొడి కాగల ఫిల్మును ముప్పది ఏండ్లు తన గుప్పిటనే ఉంచుకొన్నందుకు లోకము అతనిని ప్రశ్నింపవచ్చును కూడ. ఈ రెండు మాటలును ఒకేమారు నిజము. తుదకు కాంగ్రెసు గ్రంథాలయము అతని సంగ్రహమును కొని, చిత్రమును శుభ్రపరచి, 2018లో ఎవరైనను ఉచితముగా చూచునట్లు ఏర్పాటు చేసినది.

సంగ్రాహకులయందు ఈ గోప్యమునకు ఒక కారణము లేకపోలేదు. ప్రతులు నిర్మాతల సొత్తు, అమ్ముటకు గాని కొనుటకు గాని వీలులేదని సంస్థలు వాదించెడివి. 1970లలో అమెరికాలో సంగ్రాహకుల ఇళ్ళను పోలీసు శాఖలవారు సోదాచేసి రీళ్ళను పట్టుకొనిపోయిన సందర్భములు కలవు. దొంగవలె చూడబడువాడు దొంగవలెనే దాచును.

మనదేశపు మాట ఒక్కటి చెప్పవలెను. భారతదేశములో వేయికి పైగా మూకీలు తీసినారు. తునకలతో సహా మిగిలినవి ముప్పదికి లోపు. మన తెలుగువారైన రఘుపతి వెంకయ్యగారి సంస్థ మదరాసులో 1921లో తీసిన 'భీష్మప్రతిజ్ఞ'కు ప్రతి లేదు. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము స్థాపింపబడినది 1964లో, అప్పటికే ఆలస్యమైనది. మన పాత ఇళ్ళ అటుకలపై ఇత్తడి బిందెలు, తాటాకు గ్రంథములు దాచినవారు గలరు గాని ఫిల్ము దాచినవారు అరుదు. ఇళ్ళలో బొమ్మలు వేసికొను యంత్రములు ఇక్కడ కొద్దిమందికే ఉండుటయు దీనికొక హేతువు.

ఈ చిత్రములను చూడగోరు పాఠకులకు ఒక్క సూచన. నేడు ఇవి ఇంటనే చూచుటకు సులభముగా దొరకును. కాని ఒక్కొక్క చిత్రము పది రూపములలో దొరకును. ఏ సంవత్సరమున, ఏ భాండాగారము ఉద్ధరించినదో మొదటనే ప్రకటించియున్నదా అని చూడుడు. 'నోస్ఫెరాటు'లో రాత్రులు నీలముగా లేనిచో ఆపివేసి వేరొకటి వెదకుడు. ఇంటిలో దీపములు తగ్గించి, సంగీతపు ధ్వనియు కొంత తగ్గించి చూచుట మంచిది.

మూర్నౌ ఆ చిత్రమునకు రెండేండ్ల ముందు, 1920లో, ఇట్టి పనియే మరియొకటి చేసినాడు. స్టీవెన్‌సన్ వ్రాసిన డాక్టర్ జెకిల్ కథను పేర్లు మార్చి 'ద్విముఖుడు' అని తీసినాడు. కాలిగారిలోని నిద్రితుడు కాన్రాడ్ వైట్ అందులో నాయకుడు. తరువాత అమెరికాలో డ్రాక్యులాగా పేరుగాంచిన బేలా లుగోసీ అందులో సేవకుని చిన్న వేషము వేసినాడు. దానిని నాశనము చేయవలసినదని ఏ న్యాయస్థానమును చెప్పలేదు. దాని ప్రతి ఒక్కటియు నేటివరకు దొరకలేదు.